తిరుమల నాయకుని తిరునాళ్లు

చిత్తిరై పూర్ణిమనాటి వేకువను మధురానగరమున వైగై నదీతీరమందు నిలిచి చూచినవారికి జనసముద్రమను మాటకు అర్థము చక్కగా బోధపడును. బంగారు గుఱ్ఱము నెక్కి అళగరుకొండ పెరుమాళ్లు ఏటిలో దిగు ముహూర్తమునకై లక్షలకొలది ప్రజలు రాత్రియెల్ల మేలుకొని యుందురు. స్వామి కట్టిన పట్టు రంగును బట్టి ఆ యేటి పంటను ఊహించు కర్షకుడును, తోలుతిత్తితో స్వామిపై నీరు చిమ్ము పల్లెవాడును, పట్టణపు వర్తకుడును ఒకే ఇసుకతిన్నెపై నిలుతురు. వీరిలో శైవులును గలరు, వైష్ణవులును గలరు. తమిళము మాటాడువారును, తెలుగు మాటాడువారును, సౌరాష్ట్రభాష మాటాడు నేతగాండ్రును గలరు. ఈ కూడిక తనంతట తానేర్పడినది కాదనియు, దాదాపు నాలుగు శతాబ్దములకు పూర్వము మధుర నేలిన తెలుగు ప్రభువొకడు దీనిని కూర్చెననియు ఆ నగరవాసులు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ ప్రభువు తిరుమల నాయకుడు.

విజయనగర చక్రవర్తుల ప్రతినిధిగా విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధురలో నెలకొల్పిన వంశమున తిరుమల నాయకుడు జన్మించెను. ముద్దుకృష్ణప్ప నాయకుడు ఇతని తండ్రి. అన్న ముద్దువీరప్ప నాయకుని యనంతరము 1623లో ఇతడు రాజ్యమునకు వచ్చెను. అప్పటికి ఆ రాజ్యము మధుర, తిరునెల్వేలి, తిరుచిరాపల్లి, సేలము, కోయంబత్తూరు సీమలను ఆవరించి యుండెను. నాయకుల వెంబడి దక్షిణమునకు వలసవచ్చిన తెలుగువారు నల్లరేగడి భూములలో పాలెములు కట్టుకొని, కొంగునాట చెరువులు త్రవ్వి సేద్యము చేయుచు, నగరములలో నేతపనిని, వర్తకమును సాగించుచుండిరి. అయినను ఆ నేల తమిళుల నేల. అచ్చటి దేవతలకు, దేవాలయములకు, కవులకు తెలుగువారు రాకపూర్వమే వేయేండ్ల చరిత్ర గలదు. పరిమిత సంఖ్యాకులైన వలసజనమునకు చెందిన రాజు ఆ ప్రజల విధేయతను సైన్యముచే సంపాదింపవచ్చును గాని, వారి అభిమానమును సంపాదించుటెట్లు? తిరుమల నాయకుని ముందున్న ప్రశ్న ఇదియే. అతని జీవితమున శాశ్వతమైన భాగమంతయు ఈ ప్రశ్నకు అతడిచ్చిన సమాధానమే.

అన్న కాలమున రాజధాని తిరుచిరాపల్లికి తరలిపోయి యుండెను. తిరుమల నాయకుడు దానిని మరల మధురకు తెచ్చెను. మార్గమధ్యమున దిండిగల్లులో వ్యాధిపీడితుడై పడియుండగా మీనాక్షీసుందరేశ్వరులు కలలో కనుపించి, మధురలోనే నివసించి తమ ఉత్సవములు జరిపించినచో ఆరోగ్యము చేకూరునని యానతిచ్చిరని కథ గలదు. కథ యెట్లున్నను రాజు చేసిన నిర్ణయము స్పష్టము. దుర్గము కంటె దేవాలయమే రాజ్యమునకు నడిబొడ్డని అతడు గ్రహించెను. మధురలో మీనాక్షీదేవికి పట్టాభిషేకము చేసి రాజదండము సమర్పింతురు. సంవత్సరమున నాలుగు మాసములు అమ్మవారును, ఎనిమిది మాసములు స్వామియు నగరమును పాలింతురని అచ్చటి నమ్మకము. అమ్మవారి దండమును ప్రసాదముగా గైకొని ఆమె ప్రతినిధిగా రాజ్యము చేయువానిని పరాయివాడనుటకు మధురవాసులలో ఎవరికి నోరు వచ్చును?

పిమ్మట అతడు నిర్మించిన కట్టడములను పరిశీలించినచో వానిలో పెక్కింటికి ఒక ప్రయోజనము కనుపట్టును: నలుగురు చేరి చూచుటకు చోటు కల్పించుట. ఆలయమున కెదురుగ కట్టించిన పుదుమండపము 333 అడుగుల పొడవును, 105 అడుగుల వెడల్పును గలిగి, 124 స్తంభములతో నొప్పుచున్నది. ఇది స్వామి వసంతోత్సవమునకై నిర్మింపబడినది. దాని స్తంభములపై విశ్వనాథుడు మొదలు తనవరకు గల నాయక ప్రభువుల విగ్రహములను, చేతులు జోడించిన భక్తులవలె చెక్కించెను. 1636లో పూర్తియైన తన నగరునందు స్వర్గవిలాసమున కానుకొని నాటకశాల యుండెను. సంగీతనాట్యముల కది నెలవు. వండియూరు చెంత 1645 ప్రాంతమున త్రవ్వించిన మహాతటాకమునందు తై మాసపు పూర్ణిమకు తెప్పోత్సవము జరిపించెను. నగరుకు వలయు ఇటుకలకై మట్టి తీసిన పల్లమే తటాకమైనదని ప్రతీతి. రాజభవనముకొఱకు త్రవ్విన గోతిని ప్రజల వేడుకకు వినియోగించిన బుద్ధి కొనియాడదగినది.

అయితే ఇతడు కూర్చిన ఉత్సవము ఈ కట్టడములన్నిటికంటె గొప్పది. పూర్వము మీనాక్షీ కల్యాణము మాసి మాసమున జరిగెడిది. అళగరుకొండ స్వామి చిత్తిరై మాసమున తేనూరు గ్రామమున కేగి, అచ్చట వైగైలో దిగి, మండూకరూపమున నున్న మునికి శాపవిమోచనము కలిగించెడివాడు. ఒకటి శైవుల పండుగ, ఒకటి వైష్ణవుల పండుగ. ఒకటి నగరమునది, ఒకటి పల్లెలది. మాసి మాసము కోతల కాలమగుటచే పల్లెవారు కల్యాణమునకు రాలేకుండిరనియు, మహారథములను లాగుటకు చాలినంత జనము దొరకకుండెననియు చెప్పుదురు. తిరుమల నాయకుడు కల్యాణమును చిత్తిరైకి మార్చి, అళగరు ప్రయాణమును మధురకు త్రిప్పి, రెండు పండుగలను ఒక్క కథగా అల్లించెనని సంప్రదాయము.

ఆ కథ ఇంచుమించుగ నగరమంతయు రంగస్థలముగా నాడు నాటకము. మొదట మీనాక్షి పట్టాభిషేకము. పిదప ఆమె దిగ్విజయము. వీథులలో దిక్పాలకులతో యుద్ధమభినయించి, తుదకు శివుని గాంచి సిగ్గుపడును. మరునాడు పెండ్లి, ఆ మరునాడు రథోత్సవము. పెండ్లికూతునకు అన్నయైన అళగరు చెల్లెలి కల్యాణమునకై తన కొండనుండి బయలుదేరి, త్రోవపొడవునను మండపములలో ఆగి ఆగి వచ్చునప్పటికి పెండ్లి ముగిసిపోవును. ఏటిలో దిగిన స్వామి ఆ వార్త విని, అలిగి, నగరములోనికి రాక వండియూరు వైపు మరలిపోవునని జనులు చెప్పుకొందురు. అన్నగారి అలుక యేమో ప్రతి యింటివారికిని తెలిసినదే గదా! శాస్త్రచర్చలలో తెగని శివకేశవ వివాదము బావమఱదుల బంధుత్వమున సులభముగా కరగిపోయినది.

ఈ నాటకమున ఎవరికి వారికి పాత్ర గలదు. అళగరు కళ్ళరు వేషమున వచ్చును. ఆ కొండదరి పల్లెలలోని కళ్ళరు జాతివారికి స్వామి తమవాడు. శ్రీవిల్లిపుత్తూరునుండి ఆండాళ్ మాల వచ్చి తల్లాకుళమున స్వామికి చేరును. వండియూరున స్వామి తురక నాచ్చియారు ఇంట విడిది చేయునని ప్రజల వాడుక. పండుగను కోల్పోయిన తేనూరును సైతము మరవలేదు: మండూకముని మోక్షము నేటికిని వైగైలో తేనూరు పేరుగల మండపముననే జరుగును. పాత కథను చెరిపివేయక, దానిచెంత క్రొత్త కథను నిలిపిరి. ఎవరి భాగమును తీసికొనక అందరికిని భాగము కల్పించుటయే ఈ కూర్పులోని రహస్యమని మాకు తోచుచున్నది.

విద్యావిషయమునను ఇట్టి ఔదార్యమే కానవచ్చును. కుమరగురుపరులు మీనాక్షీదేవిపై తమిళమున రచించిన పిళ్ళైత్తమిళ కావ్యమును ఇతని సమక్షమున వినిపించెనని ప్రసిద్ధి. సంస్కృతమున నలచరిత్ర నాటకమును, శివలీలార్ణవమును రచించిన నీలకంఠ దీక్షితుడు ఇతని మంత్రియని సంప్రదాయము చెప్పును. తెలుగు ప్రభువు తన భాషను విడువకయే ప్రజల భాషను సింహాసనము చెంత కూర్చుండబెట్టెను.

కోయంబత్తూరు సీమయందును ఈ వంశపు కళాదృష్టికి సాక్ష్యము గలదు. నగరమునకు పడమట పేరూరులోని పట్టీశ్వరాలయమున కనకసభను తిరుమల నాయకుని సోదరుడు అళగాద్రి నాయకుడు కట్టించెను. ఆ స్తంభములయందు ఊర్ధ్వతాండవము, గజసంహారము, వీరభద్రుడు మున్నగు శిల్పములు చూపరులను నిలువరించును. సుందరమూర్తి నాయనారు వచ్చినప్పుడు శివుడు కూలివాని వేషమున పొలములో దాగి నారు నాటెనను కథను ఆని మాసమున ఆ యూర ఉత్సవముగా జరుపుదురు. తెలుగు నాయకులు కట్టిన సభ, తమిళ భక్తుని కథ, కొంగునాటి రైతు పొలము: మూడును అచ్చట ఏకమైనవి.

ఇంతమాత్రమున తిరుమల నాయకుని దోషములను కప్పిపుచ్చుట న్యాయము కాదు. ఇతని పాలనలో అధికభాగము యుద్ధములతోనే గడచెను. ఈ యుద్ధముల భారమును, నిర్మాణముల భారమును రైతు పన్నుల రూపమున మోసెను. విజయనగర ప్రభువగు శ్రీరంగరాయనిపై కత్తికట్టి, గోల్కొండ, బిజాపూరు సుల్తానుల సాయము కోరి, ఆ చక్రవర్తిత్వము అంతరించుటకు తానును కారకుడయ్యెను. పిలిచిన సేనలే చెంజిని మ్రింగి, మధురచేతను కప్పము కట్టించినవి. 1656 ప్రాంతమున మైసూరు సేనలు సత్యమంగళపు త్రోవను దండెత్తి ప్రజల ముక్కులు కోసినప్పుడు, వ్యాధిగ్రస్తుడైన రాజును రామనాథపురపు రఘునాథ సేతుపతి ఆదుకొనెను. అందులకు ప్రతిగా తిరుమల నాయకుడు సేతుపతి కొసగిన గౌరవములలో మధురలోవలె నవరాత్రోత్సవము జరుపుకొను హక్కు ఒకటి. కృతజ్ఞత చూపుటలోను ఇతనికి ఉత్సవమే స్ఫురించుట గమనింపదగినది.

1659లో తిరుమల నాయకుడు మరణించెను. అతని మనుమడు చొక్కనాథుడు రాజధానిని మరల తిరుచిరాపల్లికి మార్చి, మధుర నగరులోని పెక్కు భాగములను విప్పించి కొనిపోయెను. 1736 ప్రాంతమున రాణి మీనాక్షితో నాయకరాజ్యమే అంతరించెను. మిగిలిన భవనము శిథిలమగుచుండగా 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా నుండిన నేపియరు ప్రభువు బాగుచేయించెను. 1970 వరకు అందు జిల్లా న్యాయస్థానము నడచెను. గెలిచిన దేశములు పోయినవి, పేర్చిన ధనము పోయినది, రాతిమేడలో నాలుగవవంతు మాత్రము మిగిలినదని చెప్పుదురు. రాతితో కాక మనుష్యులతో కట్టిన ఉత్సవము మాత్రము ఏటేట క్రొత్తదగుచున్నది. దానిని కూల్చి బండ్లకెత్తి కొనిపోవుట చొక్కనాథునకును శక్యము కాలేదు.

మధుర, కోయంబత్తూరు సీమల తెలుగువారికి ఈ చరిత్ర కేవలము గతవైభవము కాదు. 1956లో భాషననుసరించి రాష్ట్రము లేర్పడినప్పుడు వీరు మద్రాసు రాష్ట్రమందే నిలిచిరి. వీరిలో అనేకులకు తెలుగు ఇంటి మాటగా నిలిచినది గాని లిపి దూరమైనది. బడి నిలుపలేనిదానిని కొంతవరకు ఆట నిలుపుచున్నది. రాజకంబళము నాయకులు దేవదుందుభి మ్రోగగా చేతిగుడ్డలు విసరుచు ఆడు దేవరాట్టము ఒకప్పుడు వారి పెండ్లిండ్లకును, కులదేవత కొలువులకును పరిమితము. నేడు దానిని ఇతరులును నేర్చి వేదికలపై ఆడుచున్నారు. తనదని దాచుకొనియుండిన ఆ కళ ఏ మారుమూల పల్లెలోనో అణగిపోయెడిది. పరులకు నేర్పుటచే అది తమిళనాటి సొత్తయ్యెను. దానితో ఆడువారి పేరును నిలిచెను.

పొరుగు నేలపై వసించు ప్రతి జనమునకును రెండు త్రోవలు గలవు. తమ పండుగను తమ వాకిటనే జరుపుకొని తలుపు మూసికొనుట ఒకటి. ఊరి పండుగలో తమ భాగమును మోయుట రెండవది. తిరుమల నాయకుడు రాజయ్యును రెండవ త్రోవనే ఎన్నుకొనెను. అతని వారసులమని చెప్పుకొనువారు అతని విగ్రహమునకు పూలదండ వేయుటతో తృప్తిపడక, తమ పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పి, తమ ఆటలను, పాటలను ఊరి నడుమకు తెచ్చి, ఇరుగుపొరుగువారి కందులో చోటు కల్పించినయెడల, ఆ ప్రభువు ఋణము కొంతవరకైనను తీర్చినవారగుదురు.