నీడమ్ గారి మూడో మనిషి

నెట్‌వర్క్ సెక్యూరిటీ సిలబస్‌లో నీడమ్-ష్రోడర్ ప్రోటోకాల్ ఉంటుంది కదా, ఐదు బాణాలు గీస్తే మార్కులొచ్చేస్తాయి. ఆ పేరు వెనక మనిషి గురించి చదివాక, మీకూ చెప్పాలనిపించింది.

రోజర్ నీడమ్ 1935లో ఇంగ్లండ్‌లో పుట్టారు. జీవితం దాదాపు అంతా కేంబ్రిడ్జ్‌లోనే గడిచింది. ఆయన భార్య కరెన్ స్పార్క్ జోన్స్ కూడా సామాన్యురాలు కాదు, సెర్చ్ ఇంజిన్లకి పనికొచ్చిన ఐడీఎఫ్ ఆవిడ ఆలోచనే.

1960ల్లో ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకునేవాళ్లు. పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టే ఫైల్లో పెడితే, అది ఎవరి కంట పడినా అంతే సంగతులు. నీడమ్ పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి దాచారు. లాగిన్‌లో టైప్ చేసినదాన్నీ అలాగే మార్చి పోల్చడమే. ఇప్పుడు మనం హాష్ చేసి దాచడం అంటున్నది ఇదే.

తర్వాత నెట్‌వర్క్‌లు వచ్చాయి. పాస్‌వర్డ్ వైరెక్కితే దారిలో వినేవాళ్లుంటారు. 1978లో ఆయనా, మైకేల్ ష్రోడరూ ఒక పేపర్ రాశారు. ఇద్దరూ నమ్మే మూడో సర్వర్ వాళ్లకో సెషన్ కీ ఇస్తుంది, పాస్‌వర్డ్ పంపే పనే లేదు. ఎంఐటీలో పుట్టిన కెర్బెరోస్‌కి పునాది ఈ ఆలోచనే.

నాకు బాగా నచ్చింది వేరే సంగతి. ఇలాంటి ప్రోటోకాల్స్‌లో చాలా సన్నటి తప్పులు దూరతాయనీ, మామూలు వాడకంలో అవి బయటపడవనీ ఆ పేపర్‌లోనే హెచ్చరించారు. అలాగే జరిగింది. పాత సెషన్ కీ దొంగ చేతికి చిక్కితే దాన్నే మళ్లీ వాడొచ్చని 1981లో డెనింగ్, సాకో చూపించారు. నీడమ్, ష్రోడర్ 1987లో ఆ లోపాన్ని సరిచేశారు. పబ్లిక్ కీ రకంలో ఇంకో లోపాన్ని గావిన్ లో 1995లో పట్టుకున్నారు, అంటే పదిహేడేళ్లకి! ఈలోపు 1989లో బరోస్, అబాదీలతో కలిసి, ప్రోటోకాల్‌ని తర్కంతో పరీక్షించే బ్యాన్ లాజిక్‌ని నీడమ్ తయారు చేశారు.

1997లో మైక్రోసాఫ్ట్ కేంబ్రిడ్జ్ పరిశోధనశాలను మొదలుపెట్టి నడిపించారు. 2003 మార్చిలో క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మరి ఆ మూడో మనిషి పలక్కపోతే? అందుకే రౌటర్లో ముందు సర్వర్, తర్వాత లోకల్ యూజర్ అని ఫాల్‌బ్యాక్ పెడతాం. సర్వర్ జవాబే ఇవ్వనప్పుడు మాత్రమే లోకల్‌కి వెళ్లాలి. సర్వర్ కుదరదంటే అక్కడితో ఆగిపోవాలి. ఇక ఆ లోకల్ పాస్‌వర్డ్ సరైనదో కాదో సర్వర్ బాగున్నన్నాళ్లూ ఎవరికీ తెలీదు. నీడమ్ హెచ్చరించింది సరిగ్గా ఇలాంటి తప్పుల గురించే. ఈసారి ల్యాబ్‌లో సర్వర్ కేబుల్ పీకేసి ఒకసారి లాగిన్ అయి చూడండి.