జాన్ చార్న్‌లీ

సర్ జాన్ చార్న్‌లీ (ఆగష్టు 29, 1911 - ఆగష్టు 5, 1982) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ ఎముకల శస్త్రవైద్యుడు. అరిగిపోయిన తుంటి కీలును తొలగించి దాని స్థానంలో లోహము, ప్లాస్టిక్కులతో చేసిన కృత్రిమ కీలును అమర్చే శస్త్రచికిత్సను నమ్మదగిన స్థాయికి తెచ్చిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. నేడు ప్రపంచమంతటా జరుగుతున్న మోకీలు మార్పిడి శస్త్రచికిత్సకు ఆధారమైన మూడు అంశాలు, అనగా లోహం ప్లాస్టిక్‌పై కదిలే అమరిక, ఎముకకు కృత్రిమ భాగాన్ని పట్టి ఉంచే సిమెంటు, శుద్ధమైన గాలి గల శస్త్రచికిత్సా గది, చాలవరకు ఈయన కృషి ఫలితంగానే వాడుకలోకి వచ్చాయి. రోగి ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్ళిన రోజున కాక, కొన్ని సంవత్సరాల తరువాత ఎలా నడుస్తున్నాడన్న దానిని బట్టి శస్త్రచికిత్స విలువను నిర్ణయించాలన్నది ఈయన జీవితాంతం పాటించిన నియమం.

బాల్యము, విద్యాభ్యాసము

చార్న్‌లీ ఇంగ్లాండులోని లాంకషైర్ ప్రాంతంలో గల బరీ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఆ ఊరిలో మందుల దుకాణం నడిపేవాడు. తల్లి నర్సుగా శిక్షణ పొందినది. బరీ గ్రామర్ స్కూలులో చదివిన తరువాత మాంచెస్టర్‌లో వైద్యవిద్య అభ్యసించి 1935లో పట్టభద్రుడయ్యాడు. మరుసటి సంవత్సరమే, 1936లో, రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి ఎఫ్.ఆర్.సి.ఎస్. అర్హతను సంపాదించాడు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు మాత్రమే.

సైనిక సేవ

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1940లో, సైన్యపు వైద్య విభాగంలో చేరాడు. డంకర్క్ నుండి బ్రిటిష్ సేనల తరలింపులో పాల్గొన్నాడు. తరువాత ఈజిప్టు రాజధాని కైరోలో ఎముకల శస్త్రవైద్యునిగా పనిచేశాడు. విరిగిన కాళ్ళకు కట్టే బద్దలు, ఇతర పరికరాల తయారీకి అక్కడి సైనిక కర్మాగారాల సహాయం తీసుకున్నాడు. యంత్రాల పనితీరుపై చిన్ననాటి నుండి ఉన్న ఆసక్తికి ఈ అనుభవం తోడయింది. ఎముకను జీవమున్న కణజాలంగానూ, బరువు మోసే నిర్మాణంగానూ చూడడం ఆయనకు అలవాటయింది.

తన కాలిపైనే ప్రయోగం

యుద్ధానంతరం కొంతకాలం ఆస్‌వెస్ట్రీలోని రాబర్ట్ జోన్స్, ఆగ్నెస్ హంట్ ఆసుపత్రిలో పనిచేశాడు. ఒకచోటి నుండి తీసి మరొకచోట అతికించిన ఎముక ముక్క ఎలా అతుక్కుంటుందో తెలుసుకొనడానికి, సహచర వైద్యునిచేత తన కాలి ఎముకపైనే శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ గాయం చీము పట్టి, మళ్ళీ శస్త్రచికిత్స అవసరమయింది. చీము పట్టడం వల్ల రోగి పడే బాధ ఆయనకు ఈ విధంగా స్వానుభవంలోకి వచ్చింది.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో నియమితుడయ్యాడు. 1950లో, విరిగిన ఎముకలను కోత లేకుండా సరిచేసే పద్ధతులను వివరిస్తూ ఆయన రచించిన గ్రంథం వెలువడింది. ఎముకల వైద్యులు అనేక దశాబ్దాల పాటు దానిని పాఠ్యగ్రంథంగా చదివారు.

మోకీలును బిగించే శస్త్రచికిత్స

ఆ రోజులలో క్షయ వలనగాని, కీళ్ళవాతం వలనగాని మోకీలు పూర్తిగా పాడైతే, నొప్పి పోగొట్టడానికి వైద్యులు ఎంచుకొనే ప్రధాన మార్గాలలో ఒకటి కీలును శాశ్వతంగా బిగించివేయడం. తొడ ఎముక చివరను, కాలి ఎముక పైభాగాన్ని చదునుగా కోసి రెండింటినీ ఒకటిగా అతుక్కొనేటట్లు చేసేవారు. ఇందుకు చాలా నెలలు పట్టేది. చార్న్‌లీ రెండు ఎముకల గుండా ఉక్కు కడ్డీలను దూర్చి, వాటిని బయటినుండి మరలతో బిగించి, ఎముకలను ఒకదానితో ఒకటి గట్టిగా ఒత్తి ఉంచే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఒత్తిడిలో ఉన్న ఎముకలు కొద్ది వారాలలోనే అతుక్కోవడం గమనించి 1948లో ఆ ఫలితాలను ప్రకటించాడు.

అలా బిగించిన కాలితో రోగి నొప్పి లేకుండా బరువు మోయగలడు. కాని మోకాలు ఇక వంగదు. కూర్చున్నప్పుడు కాలు ముందుకు చాచి ఉంచవలసిందే. మెట్లు ఎక్కడం, వాహనంలో కూర్చోవడం కష్టం. నొప్పి పోవాలంటే కదలికను వదులుకోవలసిన ఈ పరిస్థితికి భిన్నంగా, రెండింటినీ సాధించే మార్గాన్ని ఆయన తరువాత తుంటి కీలు విషయంలో వెదికాడు.

ఘర్షణ సమస్య

తుంటి మార్పిడికి చార్న్‌లీ కంటె ముందే ప్రయత్నాలు జరిగాయి. ఫ్రాన్సుకు చెందిన జూడే సోదరులు తొడ ఎముక తలకు బదులుగా ప్లాస్టిక్ బంతిని అమర్చేవారు. అలాంటి బంతి గల ఒక రోగి కదిలినప్పుడల్లా తుంటి నుండి కిర్రుమనే శబ్దం వచ్చేదట. భోజనాల బల్ల వద్ద అతడు ముందుకు వంగినప్పుడు వచ్చే ఆ చప్పుడును భార్య భరించలేకపోయేదని చెబుతారు. చార్న్‌లీ ఈ శబ్దానికి కారణం అధిక ఘర్షణ అని గ్రహించాడు. ఘర్షణ ఎక్కువైతే, అడుగు వేసిన ప్రతిసారీ కృత్రిమ భాగం ఎముక నుండి వదులవుతుంది.

మృదులాస్థి సహజంగానే జారుడు గుణం కలది కనుక, అంత జారుడుగా ఉండే కృత్రిమ పదార్థం కావాలని ఆయన నిర్ణయించుకున్నాడు. బంతి చిన్నదైన కొద్దీ గిన్నెను మెలిపెట్టే శక్తి తగ్గుతుందని లెక్కించి, సుమారు 22 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న లోహపు బంతిని ఎంచుకున్నాడు. దీనికి తక్కువ ఘర్షణ గల కీలుమార్పిడి అని పేరు పెట్టాడు. మాంచెస్టర్‌లో దంతవైద్య పదార్థాలపై పరిశోధన చేస్తున్న డెన్నిస్ స్మిత్ సలహాపై, కట్టుడు పళ్ళకు వాడే ఆక్రిలిక్ పదార్థాన్ని సిమెంటుగా ఉపయోగించాడు. ఇది జిగురు వలె అంటుకొనదు. ఎముకలోని చిన్న చిన్న ఖాళీలలోనికి చొచ్చుకొని గట్టిపడి, శరీరపు బరువును ఎముక అంతటికీ సమంగా పంచుతుంది.

టెఫ్లాన్ వైఫల్యం

గిన్నె కొరకు ఆయన మొదట ఎంచుకున్న పదార్థం టెఫ్లాన్. 1958 తరువాత కొద్ది సంవత్సరాలలో సుమారు 300 మందికి టెఫ్లాన్ గిన్నెలు అమర్చాడు. ఏళ్ళ తరబడి మంచానికి, కుర్చీకి పరిమితమైనవారు నొప్పి లేకుండా నడవసాగారు. 1961లో లాన్సెట్ పత్రికలో ఆయన వ్యాసం ప్రచురితమయింది. అదే కాలంలో విగన్ పట్టణం వద్ద, పూర్వం క్షయరోగుల చికిత్సకు వాడిన రైటింగ్‌టన్ ఆసుపత్రిలో తుంటి శస్త్రచికిత్సా కేంద్రాన్ని, ప్రయోగశాలను నెలకొల్పాడు.

అయితే రెండు, మూడు సంవత్సరాలు గడిచేసరికి రోగులు మళ్ళీ నొప్పితో రాసాగారు. టెఫ్లాన్ గిన్నెలు త్వరగా అరిగిపోయాయి. అరిగి రాలిన పొడి చుట్టూ శరీరం వాపుతో కూడిన గడ్డలను ఏర్పరచి, ఎముకను దెబ్బతీసింది. తాను అమర్చిన కీళ్ళను చార్న్‌లీ తానే తిరిగి తొలగించవలసి వచ్చింది. మొదటి సంవత్సరపు చక్కని ఫలితాలను చూసి తొందరపడడం ఎంత ప్రమాదమో ఈ ఘటన ఆయనకు నేర్పింది.

పాలిథిలీన్

1962లో ఒక విక్రేత మగ్గాల యంత్రాలలో పళ్ళచక్రాలకు వాడే ఒక రకం పాలిథిలీన్ ప్లాస్టిక్కును ప్రయోగశాలకు తెచ్చాడు. చార్న్‌లీ దానిని గోటితో గీకి చూసి, పనికిరాదని పక్కన పెట్టాడు. ప్రయోగశాల సాంకేతిక నిపుణుడు హారీ క్రేవెన్ మాత్రం దానిని అరుగుదల యంత్రంపై పరీక్షకు పెట్టాడు. టెఫ్లాన్ ఒక రోజులో అరిగినంత కూడా ఈ ప్లాస్టిక్కు మూడు వారాలలో అరగలేదు. చార్న్‌లీ తన అభిప్రాయాన్ని మార్చుకున్నాడు.

అయినా ఈసారి ఆయన తొందరపడలేదు. రెండు పదార్థాల ముక్కలను తన తొడలో పెట్టించుకొని, కొన్ని నెలలపాటు గమనించాడు. టెఫ్లాన్ ఉన్నచోట గట్టి గడ్డ కట్టింది. పాలిథిలీన్ ఉన్నచోట అటువంటి మార్పు కనిపించలేదు. 1962 నవంబరులో పాలిథిలీన్ గిన్నెతో శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. ఫలితాలు కొన్నేళ్ళు నిలిచేవరకు ఈ కృత్రిమ కీలును అందరికీ విక్రయించడానికి ఆయన అంగీకరించలేదు. తయారీదారైన లీడ్స్ నగరపు థాక్రే సంస్థ, చార్న్‌లీ ఆమోదించిన వైద్యులకు మాత్రమే దానిని అందజేసేది.

కోలుకోవడాన్ని కొలిచే పద్ధతి

రోగి ఎంతవరకు కోలుకున్నాడో తెలుసుకొనడానికి నొప్పి, కీలు కదలిక, నడక అనే మూడు అంశాలకు విడివిడిగా మార్కులు వేసే పద్ధతిని చార్న్‌లీ అనుసరించాడు. దీనిని ఫ్రెంచి వైద్యుడు మెర్ల్ దోబిన్యే ప్రతిపాదించగా చార్న్‌లీ సవరించాడు. అందులో ఆయన చేర్చిన ముఖ్యాంశం రోగులను మూడు తరగతులుగా విభజించడం. ఒక తుంటి మాత్రమే పాడైనవారు మొదటి తరగతి. రెండు తుంటులూ పాడైనవారు రెండవ తరగతి. ఇతర కీళ్ళ జబ్బు, గుండె జబ్బు వంటి వేరే కారణాల వలన కూడా నడవలేనివారు మూడవ తరగతి. మూడవ తరగతి రోగి తక్కువ దూరం నడిచినంత మాత్రాన శస్త్రచికిత్స విఫలమయినట్లు కాదు. ఒకరి నడకను మరొకరి నడకతో పోల్చే ముందు ఈ తేడాను గమనించాలని ఈ విభజన తెలియజేస్తుంది.

అనేకమంది రోగులు మరణానంతరం తమ కృత్రిమ కీలును పరిశోధనకు తీసుకొనడానికి ముందుగానే సమ్మతి తెలిపారు. అలా లభించిన కీళ్ళను పరీక్షించి, సంవత్సరాల నడక తరువాత ప్లాస్టిక్ ఎంత అరిగిందో, సిమెంటు ఎముకలో ఎలా నిలిచిందో తెలుసుకోగలిగారు.

శుద్ధమైన గాలి

కృత్రిమ కీలు చుట్టూ చీము పడితే దానిని తొలగించవలసి రావడం సాధారణం. చార్న్‌లీ తొలి శస్త్రచికిత్సలలో ఇది సుమారు 7 శాతం మందికి సంభవించేది. ఆయన శస్త్రచికిత్స జరిగే చోటును ప్రత్యేక గదిగా వేరుచేసి, వడపోసిన గాలిని నిరంతరం పంపే ఏర్పాటు చేశాడు. వైద్యుల ఊపిరి బయటకు పీల్చివేయబడేలా శరీరాన్ని పూర్తిగా కప్పే దుస్తులు రూపొందించాడు. ఈ చర్యల వలన చీము పట్టే కేసులు 1 శాతం లోపునకు తగ్గాయి.

మోకీలు మార్పిడికి దారి

రైటింగ్‌టన్‌లో పనిచేసిన కెనడా వైద్యుడు ఫ్రాంక్ గన్‌స్టన్, చార్న్‌లీ వాడిన పదార్థాలనే మోకాలికి అన్వయించాడు. తొడ ఎముక చివర లోహపు భాగాలను, కాలి ఎముకపై పాలిథిలీన్ భాగాలను సిమెంటుతో అమర్చి, ఆ వివరాలను 1971లో ప్రచురించాడు. చార్న్‌లీ కూడా ఒక మోకీలును రూపొందించాడు గాని అది విస్తృతంగా వ్యాపించలేదు. 1970లలో లండను, న్యూయార్కు నగరాల వైద్యులు మోకీలు నిర్మాణాన్ని మరింత మెరుగుపరచారు.

శస్త్రచికిత్స తరువాత వ్యాయామం

మోకీలు మార్పిడి చేయించుకున్నవారిని నేడు సాధారణంగా అదే రోజు లేదా మరుసటి రోజు నిలబెడతారు. తొడ ముందు కండరాన్ని బిగించడం, చీలమండను ఆడించడం, మోకాలిని వంచి చాచడం తొలి వ్యాయామాలు. సమతలంపై నడవడానికి మోకాలు సుమారు 65-70 డిగ్రీలు, మెట్లు ఎక్కడానికి 85, కుర్చీ నుండి లేవడానికి 90కి పైగా వంగాలి. అందుచేత తొలి వారాలలో వంపును సాధించడానికి ప్రాధాన్యం ఇస్తారు. తరువాత నడక, సైకిలు, ఈత వంటివి క్రమంగా మొదలుపెట్టవచ్చు.

పరుగు, గెంతులు వంటి తాకిడి గల వ్యాయామాల విషయంలో వైద్యులు జాగ్రత్త చెప్పడానికి కారణం పాలిథిలీన్ అరుగుదల. చార్న్‌లీ సైతం బరువైన పనులు చేసే యువకులకు కృత్రిమ తుంటిని అమర్చడానికి వెనుకాడేవాడు. నొప్పి లేనంత మాత్రాన కీలు అరగడం లేదని భావించరాదన్నది టెఫ్లాన్ రోగుల నుండి ఆయన నేర్చిన పాఠం. తరువాతి కాలంలో ప్లాస్టిక్ నాణ్యత బాగా మెరుగుపడడం వలన కీళ్ళ మన్నిక పెరిగింది.

పురస్కారాలు, మరణం

చార్న్‌లీ 1957లో జిల్ హీవర్‌ను వివాహమాడాడు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. 1974లో అమెరికాకు చెందిన లాస్కర్ పురస్కారం లభించింది. 1975లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1977లో సర్ బిరుదు పొందాడు. తుంటి మార్పిడిపై తన అనుభవాన్నంతటినీ క్రోడీకరించిన గ్రంథాన్ని 1979లో ప్రచురించాడు. 1982 ఆగష్టు 5న, 70 సంవత్సరాల వయస్సులో మరణించాడు. ఆయన శస్త్రచికిత్స చేసిన రోగులలో పలువురు ఆ తరువాత కూడా అనేక సంవత్సరాలు అవే కీళ్ళతో నడిచారు. రైటింగ్‌టన్ వైద్యులు వారిని పరీక్షిస్తూ ఆ ఫలితాలను నమోదు చేశారు.