పుచ్చలపల్లి సుందరయ్య

పుచ్చలపల్లి సుందరయ్య (మే 1, 1913 - మే 19, 1985) నెల్లూరు జిల్లా కోస్తా గ్రామమైన అలగానిపాడులో జన్మించిన స్వాతంత్ర్య సమరయోధుడు, కమ్యూనిస్టు నాయకుడు, పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యుడు. భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు)కు తొలి ప్రధాన కార్యదర్శి. తెలంగాణ సాయుధ పోరాట నాయకులలో ముఖ్యుడు. అయితే సామాన్య ప్రజలలో ఈయన పేరు చెప్పగానే ముందుగా గుర్తుకు వచ్చేది పదవులు కావు, సైకిలు. కారులో వెళ్ళగలిగిన హోదాలో ఉండి కూడా పార్లమెంటుకు, ఆ తరువాత శాసనసభకు సైకిలు మీద వెళ్ళిన ప్రజాప్రతినిధిగా ఈయన ప్రసిద్ధుడు.

బాల్యము, విద్యాభ్యాసము

అలగానిపాడు ప్రస్తుతం విడవలూరు మండలంలో ఉంది. పెన్నా నదికి ఉత్తరాన, సముద్రానికి చేరువలో ఉన్న వరి పొలాల ప్రాంతమిది. తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ సాగుతుంది. రోడ్లు సరిగా లేని ఆ రోజులలో ఈ ప్రాంతపు ఊళ్ళ మధ్య రాకపోకలకు ఎడ్లబండి, కాలినడక, కాలువ ఉన్నచోట పడవ ఆధారం. మోటారు కారు అరుదైన వస్తువు.

సుందరయ్య తండ్రి వెంకటరామిరెడ్డి, తల్లి శేషమ్మ. భూవసతి గల కుటుంబం. ఈయన ఆరేళ్ళ వయసులో ఉండగా తండ్రి మరణించాడు. ఆ తరువాత అక్క, బావల వద్ద ఉంటూ వారి ఉద్యోగపు బదిలీలను బట్టి తిరువళ్ళూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసులలో చదువుకున్నాడు. మద్రాసు లయోలా కళాశాలలో చదువుతుండగా, 1930లో ఉప్పు సత్యాగ్రహ సమయంలో చదువు మానివేసి ఉద్యమంలో చేరాడు. అప్పటికి వయసు 17. అరెస్టు చేసి, చిన్నవాడు కావటంతో బోర్‌స్టల్ పాఠశాలలో ఉంచారు. తన పేరు చివర నుండి కులసూచకమైన రెడ్డిని తొలగించుకొన్నాడు.

తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల ద్వారా పేదలకు వైద్యసేవలందించి పేరుపొందాడు.

రాజకీయ జీవితం

మద్రాసులో అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిజం వైపు మళ్ళిన సుందరయ్య, స్వగ్రామంలో వ్యవసాయ కూలీలను సంఘటితపరచటంతో ప్రజాజీవితాన్ని ఆరంభించాడు. భూమి గల కుటుంబపు కుర్రవాడు కూలీల పక్షాన నిలబడటమంటే ముందుగా సొంత బంధువులతో తగవు పెట్టుకోవటమే. 1934లో ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించాడు. కేరళ నాయకులు పి. కృష్ణపిళ్ళై, ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌లు కమ్యూనిస్టు పార్టీలోకి రావటంలో ఈయన కృషి ఉంది. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభకు సంయుక్త కార్యదర్శిగా పనిచేశాడు. పార్టీపై నిషేధం ఉన్న 1939-42 కాలమంతా అజ్ఞాతంలో గడిపాడు.

1943లో లీలను వివాహం చేసుకొన్నాడు. పార్టీ పనికి అడ్డు కాకూడదని పిల్లలు వద్దని దంపతులు నిర్ణయించుకొన్నారు. తన వాటాకు వచ్చిన పిత్రార్జితాన్ని పార్టీకి ఇచ్చివేశాడు. ఆ పైన సొంత వాహనం మాట అలా ఉంచి, సొంత ఇల్లు కూడా లేని జీవితం.

1946లో మొదలై 1951 అక్టోబరు వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో అగ్ర నాయకుడిగా ఉండి, 1948 నుండి అజ్ఞాతవాసం చేశాడు. దళాలతో పాటు అడవులలో కాలినడకన తిరగవలసి వచ్చిన కాలమది. వ్యాయామం పట్ల మొదటినుండి ఉన్న శ్రద్ధ ఈ రోజులలో అక్కరకు వచ్చిందని చెప్పవచ్చు. ఈ పోరాటంపై 1972లో వెలువడిన ఈయన ఆంగ్ల గ్రంథం చరిత్రకారులకు నేటికీ ఆధారగ్రంథం. అంతకు చాలా ముందే, 1946లో, తెలుగువారందరికీ ఒకే రాష్ట్రం కావాలని వాదిస్తూ విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకం రాశాడు.

1952లో మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యసభకు ఎన్నికై అక్కడ కమ్యూనిస్టు సభ్యుల నాయకుడయ్యాడు. 1955లో ఆంధ్ర శాసనసభకు జరిగిన మధ్యంతర ఎన్నికలలో కృష్ణా జిల్లా గన్నవరం నుండి గెలిచాడు. అధికారం తమదేనని ఆశించిన పార్టీకి ఆ ఎన్నికలలో 15 స్థానాలే దక్కాయి. 1962లోనూ, మళ్ళీ 1978లోనూ గన్నవరం నుండే ఎన్నికయ్యాడు.

సైకిలు ప్రయాణం

1950లలో ఢిల్లీలో ఒక పక్షానికి నాయకుడైన పార్లమెంటు సభ్యుడు కారులో రావటం సహజంగా భావించేవారు. ఆ కాలపు కార్ల సంగతి కొంత తెలిస్తే గానీ సుందరయ్య చేసిన ఎంపిక అర్థం కాదు. ఆనాడు దేశంలో ముఖ్యంగా మూడు కంపెనీల కార్లు దొరికేవి: కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో తయారయ్యే హిందుస్థాన్, బొంబాయి ప్రీమియర్, మద్రాసు స్టాండర్డ్. హిందుస్థాన్ వారి ల్యాండ్‌మాస్టర్ 1954లోనూ, దాని తరువాతి అంబాసిడర్ 1950ల చివరిలోనూ వచ్చాయి. అంబాసిడర్ కొద్ది కాలంలోనే మంత్రులకు, ఉన్నతాధికారులకు గుర్తుగా మారింది. దానికి నాలుగు గేర్లు. గేరు మార్చే కర్ర నేలమీద కాక స్టీరింగు పక్కన ఉండేది. ఎడమకాలితో క్లచ్చి తొక్కి, చేత్తో గేరు మార్చాలి. తనంత తానే గేరు మార్చుకొనే కార్లు అమెరికాలో 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్‌తో పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చినా, మనదేశంలో తయారైన ఆ తరం కార్లలో అటువంటి సౌకర్యం లేదు. అయినా హోదా గలవారికి దానితో పని పడలేదు, గేర్లు మార్చే శ్రమ జీతానికి కుదిరిన డ్రైవరుది. వెనుక సీటులో కూర్చున్నవారికి చేతి గేరైనా, ఆటోమేటిక్ గేరైనా ఒకటే.

సుందరయ్య ఈ రెంటినీ వదిలి గేర్లే లేని బండిని ఎంచుకొన్నాడు. ఆనాటి మామూలు నల్ల సైకిలుకు ఒకే పళ్ళచక్రం, ఒకే వేగపు అమరిక. ఎగువకు ఎక్కేటప్పుడు భారం తగ్గించుకొనే వీలు ఉండదు, తొక్కేవాడి కాళ్ళే గేర్లు. పెన్నా డెల్టా వంటి చదును నేలలో అది ఇబ్బంది కాదు. ఢిల్లీలో పార్లమెంటు చుట్టుపక్కల రోడ్లు కూడా దాదాపు చదునే. హైదరాబాదు సంగతి అలా కాదు. 1956లో రాష్ట్ర రాజధాని అయిన ఈ నగరం గుట్టల మధ్య ఎగుడుదిగుడు నేల మీద ఉన్నది. నలభై ఏళ్ళు దాటిన మనిషి అక్కడ కూడా సైకిలు వదలకపోవటం విశేషం.

దీనిని కేవలం నిరాడంబరత ప్రదర్శనగా భావించటం సరికాదు. ప్రజలు కట్టిన పన్నుతో నడిచే పదవిలో ఉన్నవాడు సగటు గుమాస్తా, కార్మికుడు ప్రయాణించే పద్ధతిలోనే ప్రయాణించాలనే నియమం దీని వెనుక ఉంది. ఖర్చు లెక్క కూడా ఉంది. కమ్యూనిస్టు సభ్యులు తమ జీతాన్ని పార్టీకి అప్పగించి, పార్టీ ఇచ్చే భత్యంతో గడపటం ఆనవాయితీ. అంత కొద్దిపాటి ఆదాయంలో కారు, పెట్రోలు, డ్రైవరు అనేవి ఊహకు అందనివి. సైకిలుకు కావలసింది అప్పుడప్పుడు గాలి, నూనె మాత్రమే.

అయితే సైకిలుకు హద్దులున్నాయి. రాష్ట్రమంతటా పార్టీని నడిపించే నాయకుడికి వందల కిలోమీటర్ల పర్యటనలు తప్పవు. వాటికి ఇతర వాహనాలను ఆశ్రయించక తప్పదు. కాబట్టి ఈయన మోటారు వాహనాలకు వ్యతిరేకి అని కొందరు అభిమానులు చెప్పేది అతిశయోక్తి. వాహనం మీద కాదు, వాహనంతో వచ్చే దర్జా మీద ఈయనకు అయిష్టం. మరొక సంగతి, సైకిలు కథ ఎంతగా ప్రచారం పొందిందంటే, నదీజలాలు, నీటిపారుదల పథకాలపై ఈయన చేసిన అధ్యయనం, లెక్కలతో సహా సభలో చేసిన వాదనలు దాని చాటున మరుగున పడ్డాయి. నెల్లూరు కోస్తాలో కాలువ చివరి పొలానికి నీరు అందటం ఎంత కష్టమో చూస్తూ పెరిగినవాడికి ఆ విషయం సైకిలు కంటే ముఖ్యమైనది.

పార్టీ చీలిక, చివరి సంవత్సరాలు

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినపుడు సుందరయ్య మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఎన్నికయ్యాడు. వెంటనే అరెస్టయి 1966 వరకు నిర్బంధంలో ఉన్నాడు. అత్యవసర పరిస్థితి కాలంలో పార్టీ అనుసరించిన విధానాలతో, ముఖ్యంగా జనసంఘ్‌తో కలిసి పనిచేయటంతో విభేదించి ప్రధాన కార్యదర్శి పదవిని, పొలిట్‌బ్యూరో సభ్యత్వాన్ని వదులుకొన్నాడు. పదవిని వదిలాడు గానీ పార్టీని వదలలేదు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లోనే పనిచేశాడు. 1978-83 మధ్య శాసనసభ్యుడిగా ఉన్నప్పటికి వయసు 65 దాటింది. ఆ రోజులలో శాసనసభ ఆవరణలో కార్ల సంఖ్య బాగా పెరిగింది. 1983 డిసెంబరులో మారుతి 800 రావటంతో మధ్యతరగతి వారు కూడా కారు కొనే కాలం మొదలయింది.

విప్లవ పథంలో నా పయనం పేరుతో ఆత్మకథ రాశాడు. 1985, మే 19న మరణించాడు.

జ్ఞాపకార్థం

హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో 1988లో ఈయన పేరిట సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఏర్పడింది. సభలు, సాహిత్య సమావేశాలకు ఇది నగరంలో పేరుపొందిన వేదిక. అరుదైన ఉర్దూ గ్రంథాల సేకరణ కూడా ఇక్కడ ఉంది. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచెత్తిన వరదలలో ఆ పుస్తకాలు చాలావరకు తడిసి దెబ్బతినగా, తరువాత వాటిని బాగుచేసే పని చేపట్టారు. అదే ప్రాంతంలో ఈయన పేరుతో ఒక పార్కు కూడా ఉన్నది.