గింజల కోసం బతికిన వావిలోవ్

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసివ్వమని కార్యదర్శిగారు ఫోన్ చేసినప్పుడు, నాయకుల గురించీ కవుల గురించీ రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు కదా అన్నాను. ఉద్యోగమంతా విత్తనాల సంచుల మధ్య గడిపిన వాణ్ణి నేను. అందుకని రష్యా దేశపు నికొలాయ్ వావిలోవ్‌ను ఎంచుకున్నాను. శిక్షణ తరగతుల్లో ఆయన పేరు పరీక్ష కోసం బట్టీపట్టాను. మనిషి సంగతి తెలిసింది మాత్రం రిటైరయ్యాకనే.

ఆయన 1887 నవంబరు 25న మాస్కోలో జన్మించారు. తండ్రి వ్యాపారి. తమ్ముడు సెర్గేయ్ పేరుపొందిన భౌతిక శాస్త్రవేత్త. వావిలోవ్ వ్యవసాయ విద్య పూర్తిచేసి 1913లో ఇంగ్లండు వెళ్లి, జన్యుశాస్త్రానికి ఆ పేరు పెట్టిన బేట్సన్ వద్ద కొంతకాలం పనిచేశారు. 1917లో వోల్గా ఒడ్డున ఉన్న సరాతోవ్‌లో ప్రొఫెసరు అయ్యారు. ఈ ఊరి పేరు గుర్తుపెట్టుకోండి. 1921లో ఆ వోల్గా ప్రాంతంలోనే ఘోరమైన కరువు వచ్చి లక్షల మంది ఆకలితో పోయారు. ఆ ఏడే ఆయన పెట్రోగ్రాడ్ వెళ్లి, తర్వాత ప్రపంచ ప్రసిద్ధి పొందిన విత్తన సంస్థ బాధ్యతలు చేపట్టారు.

ఆయన పట్టుకున్న సూత్రం రైతుకు చెప్పినా అర్థమవుతుంది. వేల ఏళ్లుగా మనిషి పెద్ద గింజ, మంచి దిగుబడి చూసి విత్తనం ఏరుకుంటూ వచ్చాడు. ఆ ఏరికలో తెగులుకు, చలికి, బెట్టకు తట్టుకునే గుణాలు చాలావరకు జారిపోయాయి. అవి పంట మొదట పుట్టిన చోట, గట్ల మీదా కొండల్లోనూ పెరిగే అడవి చుట్టాలలో ఇంకా మిగిలి ఉంటాయి. కాబట్టి వెళ్లి వాటిని తేవాలి, పంటతో సంకరం చేయాలి. ఆ సంతతిని మళ్లీ మళ్లీ మంచి రకంతోనే కలుపుతూ పోతే అడవి మొక్క చెడ్డగుణాలు తగ్గి, కావలసిన గుణం నిలుస్తుంది. చెప్పడానికి నాలుగు మాటలు, చేయడానికి పదేళ్లు.

1924లో అఫ్గానిస్తాన్, 1927లో ఇథియోపియా, ఆ తర్వాత చైనా, జపాన్, మెక్సికో, దక్షిణ అమెరికా, ఇలా తిరిగారు. 1940 నాటికి ఆ సంస్థలో సుమారు రెండున్నర లక్షల నమూనాలు చేరాయి. సహచరుడు జుకోవ్‌స్కీ జార్జియాలో కనుగొన్న తిమోఫీవీ గోధుమ నుంచే తర్వాతి కాలంలో కాండం తుప్పు తెగులును తట్టుకునే జన్యువు అమెరికా గోధుమల్లోకి వెళ్లింది.

పత్తి కథ ఇంకా చిత్రం. మన నాటు పత్తిలో క్రోమోజోములు 13 జతలు, అమెరికా పత్తిలో 26 జతలు. ఈ తేడా తేల్చినవారిలో తాష్కెంటులో పనిచేసిన వావిలోవ్ మిత్రుడు జైత్సెవ్ ఒకరు. రెంటినీ కలిపితే పుట్టిన మొక్క గొడ్డుపోతుంది. 1940లో అమెరికాలో బీస్లీ అనే ఆయన మన జాతి పత్తిని అక్కడి అడవి పత్తితో కలిపి, కోల్చిసిన్ మందుతో క్రోమోజోములు రెట్టింపు చేసి, తర్వాత అమెరికా పత్తితో సంకరం చేశాడు. గట్టి పోగు ఉన్న రకాలకు అది దారితీసింది. మనలో గౌటు ఉన్నవారు మింగే మాత్ర ఈ కోల్చిసినే! పొందూరు ఖద్దరుకు వాడే కొండపత్తి కూడా ఆ నాటు జాతిదే.

అదే 1940లో ఇటు వావిలోవ్‌కు రోజులు మూడాయి. జన్యువులే లేవని వాదించిన లైసెంకోకు స్టాలిన్ అండ దొరికింది. వావిలోవ్ తలవంచలేదు. ఆగస్టు 6న పశ్చిమ ఉక్రెయిన్‌లో గింజలు సేకరిస్తుండగా అరెస్టు చేశారు. ఆనాటి ఆయన సంచిలో ఒక పురాతన జాతి గోధుమ ఉందని సహచరులు తర్వాత చూశారు. గూఢచర్యం, విద్రోహం అని అభియోగం. 1941లో మరణశిక్ష, మరుసటి ఏడు దాన్ని ఇరవై ఏళ్ల జైలుగా మార్చారు. 1943 జనవరి 26న, తాను పాఠాలు చెప్పిన సరాతోవ్‌లోనే, జైలులో తిండిలేక కృశించి మరణించారు. నిర్దోషి అని 1955లో ప్రకటించారు.

ఆ సమయానికే లెనిన్‌గ్రాడ్‌ను జర్మన్ సేనలు ముట్టడించి ఉన్నాయి. ఊరంతా ఆకలి. సంస్థలో టన్నుల కొద్దీ ధాన్యం. ఉద్యోగులు ఒక్క పొట్లం విప్పలేదు. వరి నమూనాలు కాపాడిన ఇవనోవ్ ఆకలితో పోయాడు. వేరుశనగ చూసే ష్చూకిన్ తన బల్ల దగ్గరే ప్రాణం విడిచాడు. మనలాంటి జీతగాళ్లే వాళ్లూ.

ఇది చదివాక నాకు నిద్ర పట్టని రాత్రులున్నాయి. నేను పనిచేసిన ఒక చోట ఆఫీసు మారుతున్నప్పుడు పాత నమూనాల పొట్లాలు కండెమ్ చేయాలని జాబితా తయారైంది. జొన్న, కంది, నాటు పత్తి, అన్నీ ఊళ్లలో రైతుల దగ్గర తెచ్చినవి. ఎవరూ అడగరులే అనుకున్నాను. చదవకుండానే సంతకం పెట్టాను. అటెండరు వాటిని పెరట్లో పోసి తగలబెట్టాడు. పత్తి పొట్లం మీద ఊరి పేరు నా చేతిరాతే. మా అమ్మమ్మగారి ఊరు. ఆ పత్తి విత్తనం కోసం ఈ మధ్య అక్కడికి వెళ్లి వాకబు చేశాను. ఆ గింజ చూసినవాళ్లు ఇద్దరే మిగిలారు. విత్తనం మాత్రం ఏ ఇంట్లోనూ లేదు.