డాక్టరు గాట్లింగు వేసిన లెక్క

మంచి తలంపుతో ఆరంభించిన పని మంచికే దారితీయగలదని లోకం సాధారణంగా విశ్వసిస్తుంది. ఈ విశ్వాసాన్ని పరీక్షకు పెట్టే జీవితాలు చరిత్రలో అక్కడక్కడ కనిపిస్తాయి. రిచర్డు జోర్డన్ గాట్లింగు జీవితం అట్టిది. ఈ అమెరికా దేశస్థుడు రైతుకు విత్తనాలు వేసే యంత్రాన్ని చేసి ఇచ్చాడు. వైద్యవిద్య అభ్యసించి పట్టా పొందాడు. కాని ఆయన పేరు లోకానికి ఒక మరతుపాకి పేరుగానే మిగిలిపోయింది.

గాట్లింగు 1818వ సంవత్సరం సెప్టెంబరు 12వ తేదీన ఉత్తర కరొలినా రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి పెద్ద రైతు, యంత్రాలపై మక్కువ గలవాడు. పత్తి గింజలు విత్తడానికి ఒకటి, ఒత్తుగా లేచిన మొక్కలను పలుచన చేయడానికి మరొకటి, రెండు యంత్రాలను ఆయన కల్పించగా కుమారుడు ప్రక్కన నిలిచి సాయపడ్డాడు. యౌవనంలో గాట్లింగు కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. పిమ్మట ఒక దుకాణం నడిపాడు. ఆవిరి ఓడలను నడిపే మరచక్రాన్ని తన బుద్ధితోనే కల్పించాడు గాని, దానిపై హక్కు కోరేసరికి అట్టి సాధనానికే జాన్ ఎరిక్సను హక్కు పొంది ఉన్నాడు.

1844లో ఆయన సెంట్ లూయీ నగరం చేరి, తండ్రివద్ద నేర్చిన విద్యను గోధుమ సాగుకు మళ్ళించాడు. మన పొలాలలో గొర్రు సాగుతూ ఉంటే వెనుక నడిచే స్త్రీ జడ్డిగంలో గింజలు వదలుతుంది. ఆ చేతిపనిని యంత్రానికి అప్పగించడమే గాట్లింగు చేసిన పని. ఆ యంత్రాల అమ్మకం వల్ల ఆయనకు ధనం సమకూరింది. అంతలో ఒక శీతకాలం నదీయానంలో ఉండగా ఆయనకు మశూచికం సోకింది. పడవ మంచులో చిక్కుకున్నది, వైద్యుడు లేడు. ఆ అనుభవం ఆయనను వైద్య కళాశాలకు నడిపించింది. 1850లో ఒహాయో వైద్య కళాశాలనుండి పట్టా పొందాడు. వైద్యవృత్తి చేపట్టలేదు గాని, నాటినుండి డాక్టరు గాట్లింగు అయినాడు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగింది. అప్పుడాయన ఇండియానాపొలిస్ నగరంలో నివసిస్తున్నాడు. ప్రతిదినం రైళ్ళలో పటాలాలు యుద్ధానికి సాగిపోయేవి. గాయపడినవారు, రోగులు, మృతులు తిరిగివచ్చేవారు. తిరిగివచ్చిన శవాలలో గుండుదెబ్బకు కూలినవారికన్నా రోగాలపాలైనవారే ఎక్కువని ఆయన గ్రహించాడు. ఆ గ్రహింపు నిజమైనదే. ఆ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా సైనికులు మరణించగా, అందులో సుమారు మూడింట రెండువంతులు రోగాలవల్ల పోయినవారే. మురికినీరు, క్రిక్కిరిసిన శిబిరాలు, సన్నిపాతజ్వరం, రక్తవిరేచనాలు వారిని పొట్టనపెట్టుకున్నాయి.

ఇక్కడ గాట్లింగు ఒక లెక్క వేశాడు. నూరుగురు చేసే పనిని ఒక్క సైనికుడు చేయగల తుపాకి ఉంటే, పెద్ద సేనల అవసరం తీరిపోతుంది. సేనలు చిన్నవైతే రోగాలకు బలియయ్యేవారు కూడా తగ్గుతారు. ఈ ఆలోచన ఫలితంగా 1862 నవంబరు 4వ తేదీన ఆయన తుపాకికి ప్రభుత్వం హక్కుపత్రం మంజూరు చేసింది. ఒక ఇరుసు చుట్టూ ఆరు గొట్టాలు అమర్చి ఉంటాయి. పిడి త్రిప్పితే గొట్టాల కూర్పు తిరుగుతుంది. పైనున్న పెట్టెలోని తూటాలు తమ బరువుచేతనే ఒక్కొక్కటిగా క్రిందికి దిగుతాయి. ఒక గొట్టం తూటాను అందుకుంటుంటే, ఇంకొకటి పేలుతుంది, వేరొకటి వట్టి తొడుగును వదలుతుంది. ఒక్కొక్క గొట్టానికి చల్లారే వ్యవధి చిక్కుతుంది. నాటి సాధారణ సైనికుడు నిమిషానికి రెండు మూడు గుండ్లు పేల్చగలిగితే, ఈ తుపాకి దాదాపు రెండువందలు పేల్చేది. గింజలను వరుసగా సాలులోకి వదలిన నేర్పే ఇక్కడ గుండ్లను వదలింది.

తొలుత చేయించిన తుపాకులు కర్మాగారంతోపాటు అగ్నికి ఆహుతి అయినాయి. సైనికాధికారులు క్రొత్త ఆయుధాన్ని నమ్మలేదు. దక్షిణాదిలో పుట్టినవాడని గాట్లింగునూ శంకించారు. జనరల్ బట్లరు మాత్రం పన్నెండు తుపాకులు కొన్నాడు. యుద్ధం ముగిసిన పిమ్మట, 1866లో గాని అమెరికా సైన్యం ఆ తుపాకిని స్వీకరించలేదు. 1864లో గాట్లింగు అధ్యక్షుడు లింకనుకు లేఖ వ్రాస్తూ, తిరుగుబాటును అణచడానికి ఇది తగిన సాధనమని విన్నవించాడు. ప్రాణరక్షణ అనే ఆశయాన్ని వివరించిన ప్రసిద్ధమైన లేఖ 1877 నాటిది. కనుక ఆయన హృదయంలో దయ ఎంత, కీర్తికాంక్ష ఎంత, వ్యాపారబుద్ధి ఎంత అని తూచి చెప్పడం సులభం కాదు. మూడూ ఉండి ఉంటాయనుకోవడమే న్యాయం.

1870లో ఆయన తన హక్కులను కోల్టు కంపెనీకి అమ్మివేశాడు. బ్రిటను, రష్యా మొదలైన రాజ్యాలు ఆ తుపాకిని తమ సైన్యాలలో చేర్చుకున్నాయి. 1879లో దక్షిణాఫ్రికాలోని ఉలుండి వద్ద బ్రిటిషువారు వీటిని జూలూ యోధులపై ప్రయోగించారు. ఈటెలు, పాత తుపాకులు ధరించి దూకినవారు వందల సంఖ్యలో నేలకొరిగారు. ఆయుధం ఒక పక్షంవద్దనే ఉన్నప్పుడు అది యుద్ధాన్ని తగ్గించలేదు. బలహీనుని దేశాన్ని ఆక్రమించే శ్రమను తగ్గించింది. 1884లో హైరం మాగ్జిం, గుండు పేలినప్పటి వెనుకతన్నుతోనే తిరిగి నిండే తుపాకిని నిర్మించాడు. ఇక పిడి త్రిప్పే చేయి కూడా అవసరం లేకపోయింది.

గాట్లింగు 1903 ఫిబ్రవరి 26న న్యూయార్కులో మరణించాడు. అప్పటికి ఐరోపా రాజ్యాలు ఇరుపక్షాలా మరతుపాకులను సమకూర్చుకుంటున్నాయి. 1916 జూలై 1వ తేదీన సోమ్ నదీ ప్రాంతంలో ఒక్క పగటిలో పందొమ్మిది వేలకు పైగా బ్రిటిషు సైనికులు మరతుపాకులకూ, ఫిరంగులకూ బలియైనారు. సేనలు లక్షలనుండి కోట్లకు పెరిగాయి. రెండవ ప్రపంచయుద్ధానంతరం అమెరికా ఇంజనీర్లు గాట్లింగు పద్ధతికి విద్యుచ్ఛక్తిని జోడించి, నిమిషానికి ఆరువేల గుండ్లు కురిపించే విమాన ఫిరంగిని నిర్మించారు.

లెక్కలో కూడిక తప్పు లేదు. ఒక్కడు నూరుగురి పని చేయగలిగాడు. కాని అట్టి తుపాకి చేతికి వచ్చినప్పుడు ఏ రాజ్యమూ మిగిలిన తొంభైతొమ్మండుగురినీ ఇంటికి పంపదనీ, వారికి కూడా తుపాకులిస్తుందనీ ఆయన ఊహించలేదు. శిబిరాలలో రోగమరణాలు తరువాతి కాలంలో తగ్గినమాట నిజమే. వాటిని తగ్గించినవి శుభ్రమైన నీరు, పారిశుధ్యం, టీకాలు. ఆ మార్గం డాక్టరు గాట్లింగు తన యౌవనంలో చదివి, విడిచిపెట్టిన శాస్త్రంలోనే ఉన్నది.