వినుట నేర్చిన విదుషి – పండిత రమాబాయి

ఉగాదినాడు మనమందరము పంచాంగశ్రవణము చేస్తాము. శాస్త్రిగారు చదువుతారు, మనము వింటాము. అందులో ఎంత అర్థమయిందని ఎవరూ అడగరు. వింటే మేలని పెద్దలు చెప్పారు గనుక శ్రద్ధగా కూర్చుంటాము. వినుట అనే ఈ చిన్న విషయమునే పట్టుకొని, అర్థము కాని వినికిడి నుండి అర్థమయ్యే వినికిడికి జీవితమంతా నడచిన ఒక మహనీయురాలి చరిత్రను ఈ పండుగ సంచికలో మన కుటుంబములకు మనవి చేయదలచినాము. ఆమె పండిత రమాబాయిగారు. మరాఠీవారు, క్రైస్తవులు. మనలో ఎవరి మతము వారిదే అయినా, ప్రార్థన చేయని ఇల్లు మనలో అరుదు. కనుక ఈ కథ అందరికీ పనికివస్తుందని మా నమ్మకము.

పెద్దలు బొంబాయి-మద్రాసు లైను అని పిలిచే రైలుమార్గములో పుణె దాటిన తరువాత, దౌండుకు ముందు, కేడ్గాం అనే స్టేషను ఉన్నది. అదే మార్గమున దక్షిణముగా పోతే రాయచూరు వస్తుంది. ఇంకా పోతే గుంతకల్లు, కడప, రేణిగుంట. రైల్వే గుమాస్తాలమైన మాకు ఇవి టిక్కెట్ల మీది పేర్లు మాత్రమే. రమాబాయిగారి జీవితమో, ఈ మార్గము పొడుగునా పరచుకొని ఉన్నది. ఆమె ఆకలితో అలమటించినది తిరుపతి కొండల అడవులలో, తల్లిని పోగొట్టుకొన్నది రాయచూరులో, చివరకు స్థిరపడినది కేడ్గాంలో.

ఆమె 1858 ఏప్రిల్ 23వ తేదీన పశ్చిమ కనుమలలోని గంగామూల అరణ్యములో జన్మించారు. ఇప్పుడది కర్ణాటక రాష్ట్రములోనిది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రేగారు గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు సంస్కృతము కూడదన్న కాలములో ఆయన భార్య లక్ష్మీబాయిగారికి సంస్కృతము నేర్పారు. తల్లి కూతురికి నేర్పింది. రమాబాయి పసికందుగా ఉండగానే ఆ కుటుంబము ఇల్లు విడిచి యాత్రలకు బయలుదేరింది. గుడి మండపములలోను, నదీతీరములలోను కూర్చుండి పురాణములు చదవడమే వారి వృత్తి. పదునైదేండ్లు దాటేసరికే ఆ బాలిక భాగవతములోని పదునెనిమిదివేల శ్లోకములు కంఠస్థము చేసింది. అయితే వారు చదివేది సంస్కృతము. వినవచ్చిన పల్లెజనమునకు అది తెలియదు. అర్థము చెప్పే ఆచారమూ లేదు. జనము విని, కానుక పెట్టి, నమస్కరించి పోయేవారు. ఈ సంగతి ఆమె మనసులో చిరకాలము నిలిచిపోయింది.

1870ల దశాబ్దములో మద్రాసు రాజధానిని కరువు పట్టుకొన్నది. చేతిలోని డబ్బంతా దానములకు, యాత్రలకు అయిపోయింది. కూలిపని చేయడము వారికి తెలియదు, యాచించడానికి అభిమానము అడ్డు వచ్చింది. తిరుపతి ప్రాంతపు అడవులలో పదకొండు రోజులు ఆకులు, నీళ్ళు, కాసిని అడవి ఈతపండ్లతో గడిపారు. వృద్ధుడైన తండ్రి ఆ బాధకు తట్టుకోలేక కన్నుమూశారు. కొద్ది వారములకే రాయచూరులో తల్లి మరణించింది. పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. జాలిపడి ఇద్దరు బ్రాహ్మణులు వచ్చారు, అన్న శ్రీనివాసుడు మూడవవాడు, నాలుగవ భుజము రమాబాయిదే. ఆమె పొట్టి మనిషి కావడముచేత పాడెకొనను నెత్తిమీద పెట్టుకొని మోసింది. అక్కగారు కూడ ఎక్కువకాలము బ్రతుకలేదు. ఇన్ని వేల శ్లోకములు పఠించిన ఇంటికి ఎందుకు ఈ గతి పట్టిందని ఆమె మనసు ప్రశ్నించడము అప్పుడే మొదలయింది.

అన్నాచెల్లెళ్ళు కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులతో సత్కరించారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్‌గారు వేదములు చదువవలసినదిగా ప్రోత్సహించారు. ఆ నగరములోనే క్రైస్తవులు ఆమెకు సంస్కృతములో ఉన్న బైబిలు ఇచ్చారు. సంస్కృతమే ఊపిరిగా పెరిగిన ఆమెకు ఆ గ్రంథపు భాష వింతగా తోచింది, విషయమూ తెలియలేదు. చదవడము కాలహరణమని ప్రక్కన పెట్టారు.

1880లో అన్న మరణించాడు. అదే సంవత్సరము ఆమె విపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ వకీలును కులాంతర వివాహము చేసుకొని అస్సాములోని సిల్చారుకు వెళ్ళారు. 1881లో మనోరమ పుట్టింది. సిల్చారు ఇంటిలో ఆమెకు లూకా సువార్త అనే చిన్న పుస్తకము బెంగాలీ భాషలో దొరికింది. పండితభాషలో లోనికి రాని మాట, ఇంటివారు మాట్లాడే భాషలో వచ్చేసరికి మనసుకు తగిలింది. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుంచుకోవలెనని మా కోరిక.

1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో పోయారు. ఇరువది మూడేండ్ల వితంతువు చంటిబిడ్డతో పుణెకు వచ్చారు. అక్కడ ఆర్య మహిళా సమాజము స్థాపించారు. ఆ ఏడాదే హంటర్ విద్యాసంఘము ముందు నిలబడి, స్త్రీలకు స్త్రీవైద్యులు, స్త్రీ ఉపాధ్యాయులు కావలెనని సాక్ష్యము చెప్పారు. తానే వైద్యము చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్ళారు. కాని ఆమెకు చెవుడు ముదిరింది. వైద్యవిద్య ఆశ వదలుకోవలసి వచ్చింది. చెవి సరిగా వినబడని మనిషి వినుటలో మనకు గురువయిందంటే, అది చెవితో వినే వినికిడి కాదని చెప్పనక్కరలేదు.

వాంటేజ్ అనే ఊరిలో క్రైస్తవ సన్యాసినుల ఆశ్రమములో ఉంటూ 1883 సెప్టెంబరు 29న కూతురితో కూడ బాప్తిస్మము పొందారు. ఇంతమాత్రముచేత ఆమె అన్నిటికి తల ఊపలేదు. తాను చదివిన వాక్యములో కనబడని దానిని గురువులు చెప్పినంతమాత్రాన ఒప్పుకోనని పట్టుపట్టారు. ఆశ్రమపు పెద్దలకు ఇది అహంకారముగా తోచింది. ఆమెకు ఇది మనస్సాక్షి. మాంసము ముట్టలేదు, చీరకట్టు మార్చలేదు. ఇటు స్వజనము మతము విడిచినదని దూరము చేసింది, అటు కొత్త మతములోని పెద్దలు విధేయత లేదని నొచ్చుకొన్నారు. రెండువైపులా పరాయిదానిగా నిలబడడములోని కష్టము పరరాష్ట్రములో ఉన్న మనకు కొంతైనా తెలియును.

1886లో అమెరికా వెళ్ళి, హిందూ వితంతువుల దుస్థితి గురించి ఇంగ్లీషులో పుస్తకము వ్రాసి ప్రకటించారు. అక్కడివారి సహాయముతో 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనము తెరచారు. మరుసటి సంవత్సరము అది పుణెకు మారింది. మహర్షి కర్వేగారిని 1893లో పెండ్లాడిన గోదూబాయి ఆ సదనములో చదివినవారే. సదనములో మతబోధ ఉండదని ముందే ఒప్పందము. కాని రమాబాయిగారు తన గదిలో కూతురితో ప్రార్థన చేసేటప్పుడు తలుపు మూసేవారు కారు. కొందరు పిల్లలు తమంతట తామే వచ్చి కూర్చుండేవారు. 1893లో దీనిపై పెద్ద గొడవ లేచింది. తిలక్‌గారి కేసరి పత్రిక ఖండించింది, రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘము నుండి తప్పుకొన్నారు, చాలామంది పిల్లలను సంరక్షకులు తీసుకొనిపోయారు. బిడ్డలను నమ్మి అప్పగించినవారి భయమునకు కారణము లేకపోలేదు. తన ఇంటిలో తలుపు మూసి దేవుని తలచుకోవలసిన పనేమిటని ఆమె అనుకోవడములోను న్యాయమున్నది. మేము తీర్పు చెప్పే సాహసము చేయము. ఆమె మాత్రము తలుపు మూయలేదు.

ఆ రోజులకే ఆమెలో మరొక మార్పు వచ్చింది. బాప్తిస్మమైతే పొందినాను, మతము దొరికింది, కాని దేవుడు దొరకలేదనే వేదన ఆమెను ఎనిమిదేండ్లు వెంటాడింది. 1891 ప్రాంతమున ఆ వేదన తీరింది. అప్పటినుండి ఆమె ప్రార్థన తీరు మారింది. ముందు వాక్యము చదివేవారు, అది తనను ఏమి చేయమంటున్నదో అని మౌనముగా కూర్చుండేవారు, తరువాతనే అడిగేవారు. మనమో, అర్జీ పెట్టి జవాబు రాకముందే కౌంటరు విడిచి వెళ్ళిపోయే మనుషులము.

1896-97లో మధ్యపరగణాలలో ఘోరమైన కరువు వచ్చింది. వెళ్ళవలెనా వద్దా అని ఆమె తటపటాయించారు. చేతిలో డబ్బు లేదు. ప్రార్థనలో కూర్చుంటే తిరుపతి అడవుల ఆకలి కండ్లముందు నిలిచింది. ఇక ఆగలేదు. వెళ్ళి మూడువందల దాకా దిక్కులేని బాలికలను, వితంతువులను తీసుకొనివచ్చారు. పుణెలో ప్లేగు ఉన్నందున అధికారులు నగరములో ఉండనీయలేదు. పండ్లతోటకని ముందుగా కొన్న కేడ్గాం పొలములో గుడారములు వేశారు. ముక్తి అనే పేరుగల ఆశ్రమము అలా పుట్టింది. 1900లో గుజరాతు కరువు బాలికలు కూడ వచ్చేసరికి వారి సంఖ్య రెండువేలకు దగ్గరపడింది. నేత, వ్యవసాయము, పశుపోషణ, అచ్చుపని నేర్పారు. అంధులకు మనోరమ బ్రెయిలీ నేర్పింది. 1905లో రోజూ కలిసి ప్రార్థించేవారు కావలెనంటే మొదట డెబ్బదిమంది ముందుకు వచ్చారు. ఆ సంఖ్య వందలకు పెరిగి, ఆ జూనులో అక్కడ గొప్ప ఉజ్జీవము కలిగింది.

ఇంత జరిగినా ఆమెకు ఒక లోటు కనబడింది. ఆనాటి మరాఠీ బైబిలులోని సంస్కృత పదములు ఆశ్రమములోని పల్లెటూరి ఆడపిల్లలకు తెలియడములేదు. చిన్ననాడు గుడి మండపములో తాను చదువుతుంటే అర్థముకాక విని పోయిన జనము మళ్ళీ ఎదుట నిలిచినట్లయింది. ఆమె హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, మూలగ్రంథమును పల్లెస్త్రీకి తెలిసే మరాఠీలోనికి మార్చడానికి పూనుకొన్నారు. దాదాపు పదునెనిమిదేండ్లు పట్టింది. ఎవరి పాండిత్యమును కలకత్తా పండితులు సరస్వతి అని కొనియాడారో, ఆమె ఆ పాండిత్యమునంతా తన మాటలో పాండిత్యము కనబడకుండా చేయడానికే ఖర్చుపెట్టారు. అక్షరములు కూర్చినవారు, అచ్చువేసినవారు ముక్తిలోని స్త్రీలే.

1921 జులైలో మనోరమ మరణించింది. ఆ దుఃఖములోను తల్లి పని ఆపలేదు. అనువాదము పూర్తిచేసి, 1922 ఏప్రిల్ 5వ తేదీన నిద్రలోనే పరలోకగతులయ్యారు. పూర్తి బైబిలు 1924లో వెలువడింది. ముక్తి ఆశ్రమము ఇప్పటికీ కేడ్గాంలో పనిచేస్తూనే ఉన్నది.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఒక్కటే. ప్రార్థనలో మనము చెప్పుకొనే భాగము చిన్నది, వినవలసిన భాగము పెద్దది. వినాలంటే ఆ మాట మన భాషలో ఉండాలి. మన పిల్లలు బడిలో మరాఠీయో, కన్నడమో, తమిళమో, ఒడియాయో చదువుతున్నారు. మంచిదే, ఆ భాషలు మనకు అన్నము పెడుతున్నవి. కాని రాత్రి దీపము పెట్టినపుడు తల్లి చెప్పే నాలుగు మంచిమాటలు, ఏ గ్రంథములోనివైనా సరే, వారికి తెలుగులో తెలియకపోతే, మనము చదువుతుంటే వారు ఊరకే విని పోయే జనము అవుతారు. ఈ కొత్త సంవత్సరములో ఇంటిల్లిపాది కలిసి కూర్చుండి రోజుకు ఒక పుట తెలుగులో చదివి, అర్థము చెప్పుకొని, కాసేపు మౌనముగా వినే అలవాటు మన ఇండ్లలో మొదలు కావలెనని కోరుతూ, సంఘ సభ్యులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.