ఆకులోని ఔషధం – యల్లాప్రగడ సుబ్బారావు



గర్భవతులకు ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. పటాన్‌చెరు మందుల కంపెనీలకు షిఫ్టులకు వెళ్లే మన బిడ్డలలో కూడా, దాని వెనుక ఉన్న తెలుగువాని కథ తెలిసినవారు తక్కువ.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు సోదరులను స్ప్రూ జబ్బు బలిగొన్నది. పేగులు ఆహారసారాన్ని పీల్చుకోలేక రక్తం క్షీణించే వ్యాధి అది. బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డులో చదివారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు.

బొంబాయి బట్టల మిల్లుల గర్భవతులకు వచ్చే రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు చూపారు. ఆ సారంలోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తరువాత తేలింది. 1945లో సుబ్బారావు గారి బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేసింది.

అదే కాలంలో అమెరికాలో రాయ్ హెర్ట్జ్ కోడిపిల్లలపై పరీక్షలు జరిపారు. స్త్రీ హార్మోను ఇస్తే పెట్టపిల్లలో గుడ్డు వచ్చే గొట్టం చురుకుగా పెరుగుతుంది. మేతలో ఫోలిక్ ఆమ్లం లోపించిన పిల్లలలో, అదే హార్మోను ఇచ్చినా ఆ ఎదుగుదల రాలేదు. మేస్త్రీ ఎంత కేకలు వేసినా ఇటుకలు లేనిదే గోడ లేవదు గదా! పెరగమని హార్మోను చెబుతుంది; కొత్త కణాలకు సరుకు ఆహారమే ఇవ్వాలి.

మరి పెరగకూడనిది పెరుగుతుంటే? సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. వాటిలో ఒకదానితో 1948లో సిడ్నీ ఫార్బర్ కొందరు పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగా అదుపు చేశారు. మావి కణాల నుండి తల్లులకు వచ్చే క్యాన్సరు మెతోట్రెక్సేట్‌కు లొంగినట్లు 1956లో మిన్ చియు లీ, హెర్ట్జ్ బృందం ప్రకటించింది.

ఆ వార్త వినడానికి సుబ్బారావు గారు లేరు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో 53వ ఏట కన్నుమూశారు. ఇంటివద్ద విడిచి వెళ్లిన భార్యను మళ్లీ చూడలేదు. ముఖమైనా చూడని కుమారుడు పసితనంలోనే పోయాడు. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో మన తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వెలువరించింది.

ఎందరో తల్లులను నిలిపిన మందుకు ఒక ఇల్లు చెల్లించిన వెల ఇది. కనుక మన ఇళ్లలో ఆ మాత్రలు అలమరలో మిగిలిపోరాదు. నైట్ షిఫ్టుకు వెళ్లే ముందు భర్త ఒక్కమాట అడిగినా చాలు.